నేల కింద మిల్లు

జులై 8, మంగళవారం

చిరంజీవి కండెపిల్లకు,

నీ అమ్మమ్మ దీవించి రాస్తున్నది. నేను క్షేమం. ఇల్లు క్షేమం. అక్కడ నువ్వూ, మీ ఆయనా, నా ముని మనవరాలూ క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి అని రాసి అసలు సంగతిలోకి దిగడం నా అలవాటు. కాని ఈసారి ఇక్కడ నేల కుశలంగా లేదు కాబట్టి ఆ మాట రాసి కొట్టేశాను.

పేపర్లో చూసే ఉంటావు. మిల్లు మూతపడ్డ రోజు తర్వాత మన ఊరు మొదటి పేజీకెక్కడం ఇదే. వాళ్ళు రాసినదాంట్లో సగం అబద్ధం. గోడలు కూలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. వీధి చివర నీళ్ళ ట్యాంకు ఒక పక్కకి ఒరిగిందని ఫొటో వేశారు. అది నీ చిన్నప్పటి నుంచీ ఒరిగే ఉంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మొన్న శుక్రవారం తెల్లవారుతుండగా స్టవ్ మీద పాలు పెట్టి నిలబడ్డాను. కాళ్ళకు చెప్పులు లేవు. పాలు పొంగడానికి ఇంకా టైముంది. ఉన్నట్టుండి పాల మీద సన్నటి ముడతలు పుట్టాయి, గిన్నె అంచు నుంచి మధ్యకు, గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి. ఆ వెంటనే పాదాల కింద అదురు మొదలైంది. మడమల్లోంచి మోకాళ్ళకు, అక్కణ్ణుంచి నడుముకు, చివరికి పళ్ళ దాకా వచ్చింది. నీకు నవ్వొస్తుందేమో, నేను గోడ గడియారం వైపు చూసి, మొదటి షిఫ్టు ఇవాళ ఇంత ఆలస్యమేమిటి అనుకున్నాను.

నీకు ఆ రోజులు గుర్తుండాలి. మిల్లు నడిచినన్నాళ్ళూ మన వీధి నేల అలాగే ఉండేది. అలమరలో పళ్ళేలు వాటంతటవే జరిగేవి. నువ్వు ఆ అదురులోనే పుట్టి, నూలు కండెలా చుట్టచుట్టుకుని నిద్రపోయేదానివి. సెలవు రోజున మగ్గాలు ఆగితే నిద్ర చెడి ఏడుపు లంకించుకునేదానివి. మీ అమ్మ పోయాక నిన్ను పెంచిన మొదటి ఏడాది ప్రతి ఆదివారం నిన్ను ఎత్తుకుని కుట్టుమిషను తొక్కుతూ కూర్చున్నాను, ఆ దడదడకైనా పడుకుంటావని.

సరే. స్టవ్ ఆర్పి వీధిలోకి వెళ్ళాను. మగ్గాల మేస్త్రీ టిఫిన్ డబ్బా పట్టుకుని మిల్లు గేటు వైపు గబగబా పోతున్నాడు. అతని వెనక రంగుల ఖాతాలో నూలుకు రంగులేసిన ముసలాయన. ఆయన వెనక కండెలు చుట్టే అక్కచెల్లెళ్ళిద్దరూ. జుట్టు కూడా దువ్వుకోలేదు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మిల్లులో పనిచేసి ఇంకా బతికి ఉన్నవాళ్ళలో సగం మంది గేటు ముందు చేరారు. నేనూ చేరాను. గేటుకు తాళం, తాళానికి తుప్పు. ఆ తాళంచెవి పెన్షనర్ల సంఘం తరఫున నా కొంగునే ఉంటుందని నాకే గుర్తు లేదు.

మేస్త్రీ పెళ్ళాం చెప్పులు చేత్తో పట్టుకుని వెనకాలే వచ్చి, ఎక్కడికయ్యా ఈ పరుగు, మేనేజరు కల్లోకొచ్చి పిలిచాడా అని దులిపేసింది. మేస్త్రీ డబ్బా మూత తీసి చూసుకున్నాడు. లోపల ఏమీ లేదు. ఖాళీ డబ్బాతో డ్యూటీకి వచ్చిన మొదటి మేస్త్రీవి నువ్వేనయ్యా అన్నాను. అతను నవ్వలేదు. మేడమ్, లోపల తిరుగుతున్నాయి, వినండి అన్నాడు.

అనడమంటే గొంతుతో కాదు. నీకు తెలుసుగా మా షెడ్డు భాష. మగ్గాల చప్పుడులో గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడేది కాదు. అందుకే మా వాళ్ళంతా పెదాలు మాత్రం కదిపి మాట్లాడేవాళ్ళం, ఎదుటివాళ్ళ పెదాలు చూసి అందుకునేవాళ్ళం. నేను పనిచేసిన లెక్కల గది అద్దంలోంచి ఏ మూల మగ్గం మీదున్న మనిషితోనైనా మాట్లాడేదాన్ని. నీకూ నేర్పాను. పరీక్ష హాల్లో వాడి పట్టుబడ్డావు.

గేటు మీద చెయ్యి వేశాను. ఇనుము వణుకుతోంది. పక్కవాళ్ళు కూడా ఒక్కొక్కరే చేతులు ఆనించారు. నేల అడుగున చాలా లోతున, చాలా పెద్ద షెడ్డులో, ఎవరో మగ్గాలన్నీ ఒకేసారి నడుపుతున్నట్టు వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మేస్త్రీ కళ్ళు తుడుచుకోవడం చూశాను. కాసేపటికి ఎండ పడింది, అదురు ఆగింది. అది మిల్లు కాదు, నేలేనని అప్పుడు అందరికీ తెలిసింది. మిల్లయితే ఎవరో ఒకరు ఆపగలరు.

భయమనేది ఆ తర్వాత వచ్చింది. పక్కింటి టైలరమ్మ కుట్టుమిషను తల ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని వీధి మధ్యలో కూర్చుంది. మొగుణ్ణి మాత్రం లోపలే వదిలేసింది. అదేమిటే అంటే, ఆయనకి కాళ్ళున్నాయి పిన్నిగారూ, దీని కాళ్ళు లోపలే ఉండిపోయాయి అంది. ఇప్పుడు ఊరు సగం స్కూలు మైదానంలో టార్పాలిన్ల కింద పడుకుంటోంది. నేను నా మంచం మీదే పడుకుంటున్నాను.

నువ్వు కంగారుపడి బయల్దేరవద్దు. ఫోను కూడా చెయ్యకు. ఫోన్లో చెప్పిన మాటకు నకలుండదు. ఏదైనా ఉంటే ఉత్తరం రాయి.

ఇట్లు,
నీ అమ్మమ్మ

తా.క. బుడ్డది బాగా పెరిగింది అని రాశావు. బాగా అంటే ఎంత? బరువు రాయి.


జులై 19, శనివారం

చిరంజీవి కండెపిల్లకు,

అమ్మమ్మ దీవెనలు. నీ ఉత్తరం చేరింది. మూడున్నర పేజీలు నన్ను తిట్టి, మిగిలిన అర పేజీలో బరువు రాశావు. బరువు చూసి సంతోషించాను.

తిట్లకు వరసగా జవాబు చెబుతాను. కాన్పుకు రమ్మంటే పెన్షనర్ల సంఘం లెక్కల తనిఖీ ఉందన్నానని ఎత్తిపొడిచావు. తనిఖీ ఉన్న మాట నిజం. ఫోను సంగతి. బుడ్డది మొదటిసారి గొంతెత్తి ఏదో రాగం తీస్తుంటే ఫోను దాని నోటి దగ్గర పెట్టావనీ, నేను ఒక్క ముక్క అనకుండా పెట్టేశాననీ రాశావు. రాయికైనా చలనం ఉంటుంది అమ్మమ్మా, నీకు లేదు అని రాశావు. రాయి సంగతి కింద రాస్తున్నాను, చదువు. ఇక మూడోది. నెలాఖరులోగా నేను అక్కడికి రాకపోతే బిడ్డనెత్తుకుని నువ్వే ఇక్కడికి వస్తానన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో. పాలగిన్నె నిలకడగా ఉండని ఊరికి పాలు తాగే బిడ్డను ఎవరైనా తెస్తారా?

అదురు తగ్గలేదు. కొన్ని రోజులు రోజంతా ఉంటుంది, కొన్ని రోజులు అసలుండదు. లేని రోజునే జనం ఎక్కువ భయపడుతున్నారు. పెద్దది రాబోయే శుక్రవారం వస్తుందట అని టైలరమ్మ వచ్చి చెప్పింది. ఎవరన్నారే అంటే కూరగాయల బండివాడు. వాణ్ణి అడిగితే బస్సు కండక్టరు. కండక్టర్ని నిలబెట్టి అడిగితే, మీ పక్కింటి టైలరమ్మే కదండీ అన్నాడు. తను వదిలిన మాట ఊరంతా తిరిగి తన దగ్గరికే వస్తే, పిచ్చిది, నమ్మేసింది. ఆ శుక్రవారం ఏమీ కాలేదు. మరుసటి శుక్రవారానికి వాయిదా పడిందంటున్నారు.

ఈలోగా భూకంపాల ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చింది. ఆడపిల్ల. నీ వయసే ఉంటుంది. జీపులో రెండు పెట్టెలు, ఒక మడత మంచం. బండ్ల రాకపోకలు లేని చోటు, గట్టి నేల కావాలట. మిల్లు తాళం నా దగ్గరుందని తెలిసి ఇంటికి వచ్చింది. దుమ్ముకు మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడి ఏదో చెబుతోంది. మూతికి గుడ్డ కట్టుకున్నవాళ్ళతో నాకు పని లేదు, ముందు అది తియ్యమన్నాను. పాపం, బెదిరిపోయి తీసేసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడేటప్పుడు బడిపిల్లలా ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది.

మిల్లు తలుపు తీసి లోపలికి తీసుకెళ్ళాను. మగ్గాలు పోయాయి. వాటి కాళ్ళు బిగించిన మరల గుర్తులు వరసలుగా నేల మీద ఉన్నాయి. షెడ్డు చివర బాయిలరు గుంత ఉంది చూడు, నిన్ను చిన్నప్పుడు దగ్గరికి పోనిచ్చేదాన్ని కాదు, అదే ఆమెకు నచ్చింది. బాయిలరు పాత ఇనుప సామానుకు పోయాక గుంత అడుగు బయటపడింది. అక్కడ సిమెంటు లేదు. మట్టి కూడా లేదు. ఉత్త రాయి. ఊరి కింద ఉన్నదంతా ఇదే అమ్మా, ఇక్కడ మాత్రం చొక్కా విప్పుకుని కనబడుతోంది అంది. ఆ మాట నాకు నచ్చింది.

పెట్టె ఆ రాయి మీద దించి వైర్లు కలిపింది. మెట్ల మీద కూర్చుని నేను అడగవలసినవి అడిగాను. పెద్దది ఎప్పుడొస్తుంది? తెలీదమ్మా. అసలు వస్తుందా? అదీ తెలీదు. మరి ఈ చప్పుడు దేనికి? వానలకు నీళ్ళు పగుళ్ళలోకి దిగి, రాయి వెంట్రుకవాసి జరుగుతుండవచ్చు, మరీ పైన జరుగుతోంది కాబట్టి చప్పుడు చేస్తోంది, అది కూడా నా ఊహే, ఇంకా తేలలేదు అంది. ఇంత చదివి ఇన్ని తెలియవా అన్నాను. చదవకముందు ఇన్ని తెలియవని కూడా తెలీదమ్మా అని నవ్వేసింది. లెక్క తేలనప్పుడు తేలలేదని రాసే మనిషి మీద నాకు మొదటి నుంచీ గౌరవమే. తేలనిదాన్ని తేల్చి చూపించే గుమస్తాలను చాలామందిని చూశాను.

రాయి వయసెంత అని అడిగాను. చెప్పింది. పెన్సిలు తీసి ఆ అంకె వేసుకున్నాను. జన్మంతా అంకెలు కూడినదాన్ని, దాని చివరి సున్నలు చూసి పెన్సిలు పక్కన పెట్టేశాను. ఆ రాయి చల్లబడినప్పుడు చెట్టు లేదట, చేప లేదట. చూడటానికి ఎక్కడా ఒక కన్ను లేదు. దాని నెత్తిన మనం మొన్న మొన్న ఒక మిల్లు కట్టి, మూసేసి, పెన్షను పుచ్చుకుంటున్నాం.

నేను గుంతలోకి దిగాను. ఆమె వద్దంది, నేను వినలేదు. రాయి మీద అరచేయి పెట్టాను. చల్లగా ఉంది, కొంచెం తడిగా. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది. అది ఎలా వచ్చిందో రాయడానికి నాకు చేతకావడం లేదు. చెయ్యి కిందికి కాదు, చెయ్యి లోపలికి వచ్చింది. మొదట సన్నగా, నిద్రలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు. ఆ తర్వాత వెడల్పుగా, ఊరంత వెడల్పుగా. నాకు ఇన్ని ఎముకలున్నాయని ఒక్కసారిగా తెలిసింది. పైన పెట్టె తెర మీద గీత ఎగిరి పడుతోందని ఆ పిల్ల చేతులు తిప్పి చూపిస్తోంది. నేను అటు చూడలేదు. అంత పాతది, ఒక మాట కూడా రానిది, నా ఒక్కదాని చేతిలోకి వచ్చి వెళ్ళింది. భయమూ వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది. రెండూ కాకుండా ఊరికే అలా కూర్చుండిపోయాను.

రాయికి చలనం ఉంది. నువ్వు రాసింది తప్పు కాదు.

ఇట్లు,
నీ అమ్మమ్మ

తా.క. బిడ్డకు ఇంకా పేరు పెట్టలేదని రాశావు. తొందరేమీ లేదు. పలికేటప్పుడు పెదాలు బాగా కదిలే పేరు చూసి పెట్టండి.


ఆగస్టు 3, ఆదివారం

చిరంజీవి కండెపిల్లకు,

అమ్మమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, నేల తప్ప. పదో తేదీకి బస్సు టికెట్టు కొన్నాననీ, ఎవరు చెప్పినా ఆగననీ ఒకే ఒక్క వాక్యం రాసి పంపావు. ఉత్తరం అలా రాయమని నీకు నేను నేర్పలేదు. టికెట్టు రద్దు చేసుకో. ఎందుకో, నిన్న జరిగింది చదివితే నీకే తెలుస్తుంది.

నిన్న మధ్యాహ్నం మిల్లు షెడ్డులో ఊరివాళ్ళందరికీ మీటింగు పెట్టారు. బయట వాన. ఇంతమంది పట్టే చోటు ఇంకొకటి లేదు. పైన రేకులు, గాజు పలకలు, వెలుతురు బాగా పడుతుంది. సంఘం తరఫున నన్ను వేదికగా వేసిన బల్ల మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆఫీసరమ్మాయి మైకు పట్టుకుని తనకు తెలిసినవీ తెలియనివీ విడివిడిగా చెప్పింది. తెలియనివి ఎక్కువయ్యేసరికి జనానికి అసహనం పుట్టింది. కూరగాయల బండివాడు లేచి, మాకు తేదీ కావాలి, జీతం తీసుకుంటున్నావుగా చెప్పు అన్నాడు. ఇంకెవరో, తేదీ చెబితే నీ బండి మీద ఎక్కించుకుపోతావా అన్నారు. కాసేపు నవ్వులు.

సరిగ్గా ఆ నవ్వులో వచ్చింది. బల్ల కాళ్ళు ముందు చెప్పాయి నాకు. తర్వాత గాజు పలకల మీద వాన చారలు చెదిరాయి. ఇప్పటిదాకా వచ్చినవాటిలో పెద్దది. కరెంటు పోయింది, మైకు పోయింది. ఒక్క నిమిషం ముందు మనుషులుగా కూర్చున్నవాళ్ళు ఒక్కసారి నీళ్ళలా లేచి, ముందున్న చిన్న తలుపు వైపు తిరిగారు. గేటులో మనిషి వంగి దూరే తలుపు అది. అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. సంఘం అధ్యక్షుడు బల్లెక్కి చేతులూపి అరుస్తున్నాడు, మెడ నరాలు తేలుతున్నాయి, అతని ముందున్నవాడు కూడా తల తిప్పలేదు. ఆ గుంపు మధ్యలో ఒక తల్లి బిడ్డను రెండు చేతులతో తల పైకి ఎత్తి పట్టుకుంది. ఆ బిడ్డ మన బుడ్డదంత ఉంటుంది. ఆ ఎత్తిన చేతులు ముందుకు కొట్టుకుపోతున్నాయి.

నేను షెడ్డు వెనక్కి చూశాను. గుడ్డ బేళ్ళు లారీలకు ఎక్కించే పెద్ద తలుపులు అక్కడున్నాయి, లోపలి నుంచి గడియ వేసి. వాటి పక్కన మేస్త్రీ నిలబడి ఉన్నాడు. అతను తలుపు వైపు చూడటం లేదు, పారిపోతున్నవాళ్ళ వైపు చూడటం లేదు. నా వైపే చూస్తున్నాడు. షెడ్డులో ఏం జరిగినా లెక్కల గది అద్దం వైపు చూసే పాత అలవాటు. ఆ గది ఇప్పుడు లేదు, నేనున్నాను.

బేళ్ళ తలుపు తియ్యి అన్నాను, పెదాలతో. అతను తలూపాడు. మన వాళ్ళను నిలబెట్టు అన్నాను. అతను రంగుల ఖాతా ముసలాయనకు అందించాడు, ఆయన కండెల అక్కకు, ఆమె చెల్లెలికి. ఆ పెద్ద షెడ్డులో ఒక మూల నుంచి ఇంకో మూలకు మాట ఎప్పటిలాగే పోయింది. మిల్లు ముసలివాళ్ళంతా పాత మగ్గాల వరసల్లో, మరల గుర్తుల మీద, ఎవరి చోట వాళ్ళు నిలబడి కుడిచెయ్యి పైకెత్తారు. దారం తెగింది, మగ్గం ఆపు అనడానికి మా గుర్తు అది. ఊళ్ళో ప్రతివాళ్ళ అమ్మో నాన్నో ఆ మిల్లులో పనిచేసినవాళ్ళే కదా, ఆ గుర్తు తెలియని పిల్లాడు లేడు. ఒకరు ఆగారు. వెనకవాళ్ళు ఆగారు. వెనక పెద్ద తలుపులు తెరుచుకుని షెడ్డులోకి తెల్లగా వెలుగు పడింది. తలలన్నీ అటు తిరిగాయి. చేతులెత్తిన ముసలివాళ్ళ మధ్య నుంచి, సందుల్లో నడిచినట్టు, వరసగా వానలోకి నడిచి వెళ్ళారు. అడుగున రాయి ఇంకా కదులుతూనే ఉంది. నేను నా కాళ్ళతో అది వింటూ, వాళ్ళు వెళ్ళేదాకా నిలబడ్డాను. అంత పెద్దది కింద, ఇంత చిన్నవాళ్ళం పైన. అయినా వరస తప్పలేదు.

ఎవరికీ దెబ్బ తగలలేదు. ఎత్తి పట్టుకున్న బిడ్డ తల్లి బయట నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి ఏడ్చేసింది. నష్టపోయినవి గొడుగులు, చెప్పులు. టైలరమ్మ ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో బూటు వేసుకుని వెళ్ళింది. పిన్నిగారూ, మీరు మంత్రం చదివినట్టు నోరు మెదిపారు, ముసలాళ్ళంతా చేతులెత్తేశారు, నాకైతే నేల కంటే మిమ్మల్ని చూస్తేనే భయమేసింది అంది.

కాబట్టి నువ్వు బిడ్డను తీసుకుని రావద్దు. ఆ ఎత్తిన చేతులు నీవైతే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు. నన్ను రమ్మని కూడా అడగవద్దు. తాళం నా దగ్గరుంది, ఆ అమ్మాయి పెట్టె లోపలుంది, సంఘం పని ఉంది. నేను రాను, నువ్వు రావద్దు. ఇది నా చివరి మాట.

ఇట్లు,
నీ అమ్మమ్మ

తా.క. సోమవారం ఉదయం. ఉత్తరం అంటించాక మళ్ళీ విప్పి రాస్తున్నాను. పైది నా చివరి మాట కాదు.

మీటింగు అయ్యాక షెడ్డులో మిగిలిన చెప్పులు జతలు కలుపుతూ కూర్చున్నాను. తల ఎత్తేసరికి ఆఫీసరమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది, మూతికి గుడ్డతో. గుడ్డ కదులుతోంది, ఏదో అడుగుతోంది. తియ్యమని కసరడానికి నాకు ఓపిక లేకపోయింది. తనే తీసేసింది. వెనక నుంచి చాలాసార్లు పిలిచాను అమ్మా, ఎప్పటి నుంచి అంది.

ఎప్పటి నుంచో నీకు రాస్తాను. ఎడమ చెవి మిల్లులో ఉండగానే పోయింది. కుడిది నీ పెళ్ళయ్యాక కొంచెం కొంచెంగా పోయి, కిందటేడు పూర్తిగా పోయింది. డాక్టరు చెవి మిషను పెట్టి చూశాడు, లాభం లేదన్నాడు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎదురుగా వెలుతురులో మాట్లాడితే నాకు ఒక్క మాట పొల్లుపోదు. ఆ తర్వాత నువ్వు వచ్చి వారం రోజులున్నావు, నీకే తెలియలేదు. నువ్వు మాట్లాడినంతసేపూ నీ ముఖమే చూస్తూ కూర్చున్నాను. అమ్మమ్మ మెత్తబడిపోయింది, కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది అని మీ ఆయనతో అన్నావు. అది కూడా నీ పెదాల మీదే చదివాను.

ఆ రోజు ఫోను మోగుతోందని టైలరమ్మ చెప్పి చేతికిచ్చింది. నువ్వేనని తెలుసు. నా చెవి దగ్గర ఏమీ లేదు. బిడ్డ నోటి దగ్గర పెట్టావని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. కాన్పుకు రానిది కూడా అందుకే. రాత్రి పసిదానికి ఆకలై ఏడిస్తే వినపడని మనిషి తోడుండి ఏం చేస్తుంది? తనిఖీ మాట నిజమే, కారణం మాత్రం అది కాదు.

మొదటి ఉత్తరంలో ఒక వాక్యం దిద్దుకో. పాలగిన్నె ముందు నిలబడి షిఫ్టు ఆలస్యమైందని నేను అనుకున్నది తర్వాత. మొదట అనుకున్నది, నాకు వినపడుతోంది అని.

ఆఫీసరమ్మాయి నా పక్కన కూర్చుంది. నా చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని ఏదో అంది. నేను పెదాలు చూడలేదు, కళ్ళు మూసుకున్నాను. మాట తెలియలేదు, గొంతు తెలిసింది. సన్నటి అదురు. రాతిలో వచ్చినదాని లాంటిదే. కాని ఇది వెచ్చగా ఉంది.

గురువారం ఉదయం బస్సుకు బయల్దేరుతున్నాను. తాళం మేస్త్రీకి ఇచ్చాను. నేల సంగతి నేల చూసుకుంటుంది, ఆగాక తిరిగి వస్తాను. నాతో మాట్లాడేటప్పుడు లైటు వేసి, ఎదురుగా నిలబడి మాట్లాడు. చాటుగా నా మీద చాడీలు చెప్పుకోవాలంటే వీపు తిప్పుకోండి, నేనేమీ అనుకోను. రాత్రిళ్ళు బుడ్డదాన్ని నా పక్కన పడుకోబెట్టు. చెయ్యి దాని వీపు మీద ఉంచుకుంటే నీకంటే ముందు నాకే తెలుస్తుంది.

నేను వచ్చేసరికి అది నిద్రపోతుంటే లేపవద్దు. ఏడుస్తుంటే మాత్రం, నేను చెయ్యి వేసేదాకా ఊరుకోబెట్టకు.